మూతి నొక్కిన తూటా

ఆయుధపూజ నాడు యీషున్‌లో యర్రయ్య ఇంట్లో కత్తిపీట, సుత్తి, శాంతిని అనే కూతురి కుట్టు కత్తెర, ఆఖరికి గది అద్దెకు తీసుకున్న శశికాంత్ ల్యాప్‌టాప్ కూడా బొట్లు పెట్టించుకుని దీపం చుట్టూ కూర్చున్నాయి. దణ్ణం పెట్టబోయిన శశికాంత్ చేతులు మధ్యలోనే ఆగాయి. వాటన్నిటికీ ఎడంగా, నీళ్ల చెంబు పక్కన, వేలెడంత రైఫిల్ తూటా ఒకటి నిలబడి ఉంది.

ఈ పరాయి దేశంలో ఇంట్లో తూటా దొరికితే జైలే. అద్దెకున్నవాణ్ణీ వదలరు. ఉద్యోగానికిచ్చిన వర్క్ పాస్ పోతే గుంటూరు టికెట్టే.

"గుర్తుగా ఉంచుకున్నది తంబీ. లోపల మందు లేదు," అన్నాడు యర్రయ్య.

సరిహద్దు అవతల పేరాక్ తోటల్లో ఉన్నప్పుడు అడవిపందుల కోసం దొరగారి రైఫిల్‌కి ఆయనే డొల్లల్లో మందు కూరి తూటాలు తయారుచేసేవాడట. సామాన్లతో పాటు ఇదీ సరిహద్దు దాటి వచ్చేసింది.

శశికాంత్ వంగి చూశాడు. ఇత్తడి మూతి గుండును కరుచుకుని ఉంది. అలా ఎందుకు నొక్కుతారని అడిగాడు. ముసలాయనకి హుషారొచ్చింది. తూటాలు వరసగా పేర్చే తుపాకిలో, ఒకటి పేలిన కుదుపుకి మిగతావాటి గుండ్లు లోపలికి జారతాయట. వాటికి మూతి నొక్కాలి. ఒక్కొక్కటే పెట్టి కాల్చేదానికి ఆ పనే లేదట.

"దొరగారిది ఏ రకం అంకుల్?"

"ఒక్కొక్కటే పెట్టేది."

"మరి దీనికెందుకు నొక్కారు?"

యర్రయ్య చూపు చురుగ్గా మారింది. పిల్లలు గుండు పీకకుండా అన్నాడు. తూటాను శశికాంత్ చెవి దగ్గర ఆడించి, చప్పుడు లేదుగా, ఖాళీయేగా అన్నాడు.

"నిండుగా ఉన్నా చప్పుడు రాదు కదండీ."

"ఇంత ఆరా ఎందుకు నీకు? పోలీసువా ఏంటి?"

"ల్యాప్‌టాప్‌కి బొట్టు పెట్టించుకునే పోలీసు ఉంటాడా అంకుల్?"

శాంతిని సుండల్ గుగ్గిళ్ల గిన్నెతో వంటింట్లోంచి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ తూటాను ఆమె చిన్నప్పటి నుంచీ నాన్న పెట్టెలో చూస్తూనే ఉంది. ఉత్త డొల్ల అనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు తూటా వంక కాదు, నీళ్ల చెంబు వంక చూసింది.

"అది ఖాళీదేనా నాయనా?"

"ఖాళీదే."

"అయితే అన్నిటితో పాటు దీపం దగ్గర పెట్టు లా," అంది ఆ ఊరి యాసలో.

యర్రయ్య తూటాను పిడికిట్లో పట్టుకున్నాడు. చెయ్యి దీపం దాకా వెళ్లలేదు.

శాంతిని గిన్నె కింద పెట్టింది. పువ్వుతో దీపాన్ని కొండెక్కించి, ఆ తర్వాతే ఫోన్ అందుకుంది. అవతల పోలీసు పలకగానే, తండ్రి పేరు కంటే ముందు శశికాంత్ పేరు చెప్పింది. అద్దెకున్నాడనీ, తూటా సంగతి బయటపెట్టింది అతనేననీ, అతనికి దానితో ఏ సంబంధం లేదనీ.