తెరచాప తులసి తండ్రి

నేను ఒక జింకు బ్లాకును. అలాంటిలాంటి బ్లాకును కాను, ‘తెరచాప తులసి’ బొమ్మల కథల మొదటి ముఖచిత్రాన్ని. బెజవాడ గవర్నరుపేటలో మస్తాన్ అనే పనివాడు నన్ను యాసిడ్‌లో ముంచి తీసి, చెక్కముక్కకు మేకులతో బిగించాడు. అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తారుమారై ఉంటాను. కానీ సిరా పూసి కాగితం మీద నొక్కితే నా అంత చక్కగా అచ్చయ్యే బ్లాకు ఆ ప్రెస్సులోనే లేదు. గొప్పలు పోవడం కాదు, ఉన్నమాట.

నా మీద ఇద్దరుండేవారు. ముందు తులసి, భుజాన తాడు వేసుకుని కాలవ గట్టు మీద పడవ లాగుతూ. పడవలో చుక్కాని పట్టుకుని వాళ్ళ నాన్న. ఈ బొమ్మ కోసం ఆర్టిస్టు ఏసురత్నం ఎక్కడా వెతుక్కోలేదు. తన సొంత నాన్నే కొమ్మమూరు కాలవ మీద పడవ సరంగు. తాడు లాగిన పిల్ల వాళ్ళ అక్క మరియమ్మ. ఆ పేరు తీసేసి తులసి అని పెట్టింది పత్రిక యజమాని కోటిలింగం గారు.

మూడో సంచికకల్లా తులసి దొంగల్ని పట్టింది, వరదలో ఊరిని కాపాడింది, పిల్లల నోళ్ళలో నానింది. మొదటి సంచిక మళ్ళీ వేయాల్సి వచ్చింది. అప్పుడు యజమానికి ఒక ఆలోచన తట్టింది.

“ఇంత ధైర్యం పడవలు లాగేవాళ్ళ పిల్లకి ఎక్కణ్ణుంచొస్తుందయ్యా? రాజుగారి బిడ్డని చేసేద్దాం. వెనకాల ఆ మనిషిని తీసెయ్,” అన్నారు.

“పేరు మార్చినప్పుడు ఊరుకున్నానండి. నాన్ననే తీసేయమంటే నా వల్ల కాదండి,” అన్నాడు ఏసురత్నం. పెన్సిలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ పని మస్తాన్ మీద పడింది. తన చేత్తో నిలబెట్టిన మనిషిని తనే ఉలితో చెక్కేశాడు. నాకు నొప్పేసింది, దాచుకోను. ఆ తర్వాత తులసికి ఏడాదికో తండ్రి వచ్చాడు. మొదట రాజు, తర్వాత ఋషి, ఆఖరికి ఒక జమీందారు. మనుషులు తమకు నచ్చిన పిల్లకు తమకు నచ్చిన వంశం కుట్టి తొడుగుతారు. కొలతలు మాత్రం తీసుకోరు.

పత్రిక మూతపడ్డాక ఏళ్ళ తరబడి బీరువా అడుగున పడి ఉన్నాను. నిరుడు కోటిలింగం గారి మనవరాలు ప్రణతి ఆ కథలన్నీ ఒక పుస్తకంగా వేద్దామని పూనుకుంది. మొదటి సంచిక ఒక్క ప్రతీ దొరకలేదు. నేను దొరికాను, ఆ మనిషిని చెక్కేసిన చోట గుంటతో సహా. చీరాలలో సైన్‌బోర్డులు రాస్తూ ముసలివాడైపోయిన ఏసురత్నాన్ని వాకబు చేసి పిలిపించి, ఆ గుంట కథంతా అడిగి తెలుసుకుంది.

“మా తాతగారు చేసింది తప్పండీ. మీ నాన్నగారిని మళ్ళీ గీసివ్వండి,” అంది.

ఆయన వేలు నా గుంటలో చాలాసేపు ఆగింది.

“గీసేస్తే, చెక్కేసిన సంగతి ఎవరికి తెలుస్తుందమ్మా? ఖాళీ అలాగే ఉండనీ. కింద ఆయన పేరు వెయ్యి, చాలు.”

“ఏం పేరండీ?”

“గాబ్రియేలు. గోనె గాబ్రియేలు.”

నాలుగు వేల కాగితాల మీద ఆయన ముఖాన్ని అచ్చొత్తిన దాన్ని, ఆ పేరు అప్పుడే విన్నాను. సిగ్గేసింది.

కొత్త పుస్తకానికి నా మీదే సిరా పూసి ముఖచిత్రం తీశారు. తులసి పడవ లాగుతోంది. చుక్కాని దగ్గర మనిషి ఆకారంలో తెల్లటి ఖాళీ, దాని కింద సరంగు గోనె గాబ్రియేలు పేరు ఉన్నాయి. పుస్తకం అందుకున్న పిల్లలు తులసిని తర్వాత చూస్తున్నారు. ముందు ఆ ఖాళీ మీద వేలు పెట్టి, ఈయన ఎవరని అడుగుతున్నారు.