మచ్చ చుట్టూ ముల్లుపోట్లు

తొలూకా దగ్గర, నెవాదో కొండ వాలున మా ఊరు. ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఎవరి చేలో బంగాళాదుంపకు ఆకుమాడు తెగులు కనిపించినా మూడు రోజుల్లో వాళ్లే మొక్కల్ని నేలమట్టంగా కోసెయ్యాలి. కొయ్యకపోతే ఇరుగుపొరుగు వచ్చి కోస్తారు. తెగులు గాలిలో పోతుంది, గట్లు చూడదు.

ఆ జూలైలో పదకొండు రోజులు వాన విడవలేదు. పన్నెండో రోజు, గురువారం పొద్దున, నా ఆకుల మీద నల్ల చుక్కలు కనిపించాయి.

అవి నేను గింజ నుంచి పెంచుకున్న మొక్కలు. ఆరేళ్ల కిందట గట్టు మీది అడవి దుంప పక్కన పూసిన నా బంగాళాదుంప మొక్కకు కాయలు కాశాయి. ఆ గింజలు నాటితే ఒక్కటి బతికింది. దాని దుంపలే ఏటేటా పెంచి నాలుగు సాళ్లు చేశాను. ఇంట్లో విత్తనం దాచలేదు. ఉన్నదంతా నేలలోనే ఉంది. ఇప్పుడు కోస్తే ఆ రకం ఇక ఉండదు.

మధ్యాహ్నానికి తిబుర్సియో వచ్చాడు. మా అమ్మాయి బాప్టిజానికి జ్ఞానతండ్రిగా నిలిచాడు, అప్పట్నుంచి ఒకరికొకరం కొంపాద్రేలం. ఈ ఏడాది ఊరి చేలు చూసే వంతు అతనిది.

"ఏం కొంపాద్రే, ఆకుల మీద మిరియాలు చల్లావా?"

"చూశాను."

"చూస్తే సరిపోదుగా. కొయ్యి. ఆదివారం మేమొచ్చి కోస్తే నాకూ బాగుండదు, నీకూ బాగుండదు."

"దుంప ఇంకా శనగగింజంతే ఉంది."

"నాదేమన్నా గుమ్మడికాయంత ఉందా? నిన్ననే సగం చేను కోశాను. మా ఆవిడ అప్పట్నుంచి నాతో మాట్లాట్టంలేదు. ఒకందుకు హాయిగానే ఉందిలే."

అతను వెళ్లాక కూర్చోలేకపోయాను. నించోలేకపోయాను. కొడవలి తీసుకుని మొదటి సాలు కోసేశాను. రెండో సాలు మొదట్లో ఉండగా మా ఆవిడ క్రిస్పినా పరుగున వచ్చింది.

"ఆగవయ్యా! ఎవరో తరుముతున్నట్టు ఏంటా కోత? ఇవాళ గురువారమేగా!"

ఆకు తిరగేసి చూసింది. "వెనక బూజేది? తిబుర్సియో చేలో ఆకు వెనకంతా తెల్లగా ఉంది, కుళ్లు కంపు. ఇది చూడు, పొడిగా ఉంది."

"రేపొస్తుంది."

"వస్తే అప్పుడే కొయ్యి."

కంచెలోని కిత్తనార మట్ట నుంచి ముల్లు విరిచింది. ఒక చుక్క చుట్టూ సన్నగా పొడిచింది. గుండ్రంగా చిల్లులు పడ్డాయి. "మచ్చ వీటిని దాటుతుందేమో చూద్దాం," అంది. అలా పది ఆకులకు పొడిచి, కాడలకు ఎర్ర ఉన్ని కట్టింది. నేను ఆ ముల్లే పట్టుకెళ్లి, తిబుర్సియో కొయ్యని సగంలో ఒక మచ్చ చుట్టూ అలాగే పొడిచి వచ్చాను.

శుక్రవారం నాలుగుసార్లు వెళ్లాను. శనివారం ఎన్నిసార్లో గుర్తు లేదు. తిబుర్సియో ఆకు మీద మచ్చ చిల్లులు దాటి వేలెడు ముందుకు పోయింది. నా చుక్కలు చిల్లుల లోపలే ఉన్నాయి. కానీ పక్కన కొత్తవి పడుతున్నాయి. అదే నన్ను తినేసింది.

"నువ్వు కళ్లార్పకుండా చూస్తే సిగ్గుపడి ఆగుతుందా?" అంది క్రిస్పినా. "పైన అడవి అంటుకుంటే మనమేం చేస్తాం? మంట రాకముందే మనమే ఓ పట్టీ తగలబెడతాం. వచ్చిన మంటకి తినడానికేం ఉండదు. ఇదీ అదే పని చేస్తోంది. తెగులు పడ్డచోట తన ఆకుని తనే చంపుకుంటోంది."

కోసిన సాలు వైపు చూడలేకపోయాను.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఐదుగురు కొడవళ్లతో వచ్చారు. రెండు ఆకులు తిబుర్సియో చేతిలో పెట్టాను.

"చిల్లులు చూడు. గురువారం రెండు మచ్చలూ వాటి లోపలే ఉన్నాయి. పెద్ద మచ్చది నీ ఆకు."

"నా చేలోకి నన్నడక్కుండా వెళ్లావా?"

"వెళ్లాను."

"కట్టుబాటు కట్టుబాటే," అన్నాడు వెనక నించున్న ముసలి ఎలెయుతేరియో.

తిబుర్సియో కొడవలి కింద పెట్టాడు. గొంతుక్కూర్చుని రెండో సాలు మొదటి మొక్క పట్టుకున్నాడు. ఒక్కో ఆకూ తిరగేస్తూ మోకాళ్ల మీద జరిగాడు. బురద నడుం దాకా అంటింది. తక్కినవాళ్లు రెండేసి సిగరెట్లు కాల్చారు. మూడు సాళ్లూ అయ్యాక లేచాడు.

"బూజు ఒక్క ఆకుకి దొరికినా నేనే కోసేవాణ్ని. దొరకలేదు. పదండి."

"రేపు దొరికితే?" అన్నాడు ఎలెయుతేరియో.

"రేపూ వస్తా. ఎల్లుండీ వస్తా. నిన్న సాయంత్రం మిగతా సగమూ కోసేశాను, నా చేలో ఇక చూడ్డానికేం మిగిలింది?"

వెళ్లబోతూ కోసిన సాలు దగ్గర ఆగాడు. "ఇదెవరు కోశారు?"

"నేనే."

వెక్కిరిస్తాడనుకున్నాను. "నేనైతే నాలుగూ కోసేవాణ్ని," అని వెళ్లిపోయాడు.

మళ్లీ వాన మొదలైంది. క్రిస్పినా చిక్కుడుగింజల పులుసు, మొక్కజొన్న రొట్టె పెట్టింది. నించునే తిని, ముల్లు తీసుకుని, ఆ పొద్దున పడ్డ చుక్కల చుట్టూ పొడవడానికి వెళ్లాను.