నంబరు మేమే చెబుతాం

మాన్సా అక్క ఒక్క మీట నొక్కగానే మా ఊరు సెకొండిలోని కొట్లన్నీ కంప్యూటరులోకి వచ్చేశాయి. నేను పక్కనే నిలబడి చూశాను. వీపున కట్టుకున్న నా కూతురు ఎఫువా కూడా మెడ చాచి చూసింది. మునిసిపాలిటీ పన్నుల పట్టీ, వర్తక సంఘం పట్టీ, చర్చి పుస్తకాల్లో వేయించుకున్న ప్రకటనలు అన్నీ పోగేసి, నెలల తరబడి తప్పులు దిద్ది, చివరికి అక్క అన్నింటినీ ఒకేసారి ఎక్కించింది. తెర మీద పేర్లు జలజలా దిగాయి. 'ఇంకా ఆశ ఉంది' జడల కొట్టు. 'యెహోవా చూసుకుంటాడు' బ్రేకుల షాపు. మా సందు చివర బొగ్గులమ్మే ముసలావిడ కూడా ఉంది. ఇక ఊళ్లో ఎవరికేం కావాలన్నా ఫోన్లో వెతుక్కుంటే చాలు.

ఎఫువా కడుపున పడ్డప్పుడు నేను బడి మానేశాను. అయినా అక్క నన్ను పనిలో పెట్టుకుంది, చేపల బజారులో నన్నెరగనివాళ్లు లేరు కనుక. నా పని సులువైనదే. పట్టీలోకెక్కిన ప్రతి కొట్టు ఫోనుకూ కంప్యూటరే ఒక మెసేజీ పంపుతుంది. అందులో నాలుగంకెల నంబరు ఉంటుంది. నేను వెళ్లి ఆ నంబరు అడిగి నా ఫోన్లో కొట్టాలి. సరిపోతే ఆ కొట్టు పేరు పక్కన పచ్చ టిక్కు పడుతుంది. కొట్టు నిజంగా ఉన్నట్టూ, ఫోను వాళ్లదే అయినట్టూ లెక్క.

మా ఊళ్లో డబ్బంతా ఫోన్లోనే ఉంటుంది. ఫోనుకొచ్చిన నంబరు అడిగేవాడు దొంగ. చెప్పామా, మోమో అనే ఆ ఫోను డబ్బు ఖాతా ఊడ్చుకుపోతాడు. ఈ సంగతి అక్కకు తెలుసు, నాకూ తెలుసు. ఆ పొద్దున మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

నేను బజారులో అడుగుపెట్టేసరికి ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. అందరికీ ఒకటే మెసేజీ. అది చదివి వాళ్లింకా ముఖాలు చూసుకుంటుండగానే నేను వెళ్లి నంబరు అడిగాను. ఎండుచేపల ఆవిడ ఫోను రవికలో దోపుకుంది. టమాటాల ఆవిడ, నిన్ను చిన్నప్పటి నుంచీ చూస్తున్నానే, నీకిదేం బుద్ధి, అంది. ఏదో చెప్పబోయాను.

ఇంతలో స్తంభానికి కట్టిన మైకుల్లోంచి, రోజూ ఊరి కబుర్లు చాటే ఎగ్యా అమిస్సా గొంతు వినిపించింది. తప్పిపోయిన మేక గురించీ, శనివారం జరిగే అంత్యక్రియల గురించీ చెప్పాక, అదే గొంతుతో, నీలం బట్ట కట్టుకుని వీపున బిడ్డనేసుకున్న పిల్ల ఒకతె నంబర్లు అడుగుతోందనీ, ఎవరూ చెప్పవద్దనీ అన్నాడు. నా పేరైతే చెప్పలేదు. చెప్పనక్కరలేకపోయింది. బజారంతా నా వైపు తిరిగింది.

పని పోతే పోయింది. నా భయం వేరే. రోజూ పొద్దున కొకో అనే మొక్కజొన్న గంజి అమ్మే ఆంటీ పన్యిన్ దగ్గర ఎఫువాను వదిలి తిరుగుతాను. ఆవిడ ఒక్కతె దగ్గరే పిల్ల ఏడవకుండా ఉంటుంది. ఆ రోజు మైకు మాట విన్నాక నేను వెళ్లేసరికి ఆవిడ గంజి కుండ మీద మూత పెట్టి, నా వంక చూడకుండానే అంది.

"ఈవేళ పిల్లని నా దగ్గర వదలకు అరాబా. రేపటి సంగతి రేపు చూద్దాం."

ఈ ఊళ్లో పిల్లను పట్టుకునేవాళ్లు లేకపోతే నేనెలా బతకాలి? దొంగ కూతురని దాన్ని రేపు ఎవరు ఎత్తుకుంటారు? దారంతా వెనక్కి చెయ్యి పెట్టి దాని కాలు తడుముతూ అక్క దగ్గరికి పరిగెత్తాను. వేరే మనిషిని చూసుకోమన్నాను.

అక్క నన్ను కోప్పడలేదు. బజారువాళ్లను బుద్ధిలేనివాళ్లని అనలేదు. ఆవిడకు ఆలోచన ఎక్కువైతే తలమీది విగ్గు తీసి బల్ల మీద పెడుతుంది. అలాగే పెట్టి, పిలకల మధ్య తల గోక్కుంటూ కూర్చుంది.

"వాళ్లదే రైటు. నేనా బజారులో ఉంటే నిన్ను బుట్టతో కొట్టేదాన్ని," అంది. "మనం అడగొద్దే. నంబర్లు పంపింది మనమేగా. మనమే చెబుదాం. వాళ్లు ఫోనులో చూసుకుంటారు."

అంతే. నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం, ఇంత చిన్న మాట ఇంత త్వరగా ఎలా తట్టిందా అని ఆవిడ మొహంకేసి చూస్తూ ఉండిపోయాను. ఆవిడ అప్పటికే విగ్గు వంకరగా పెట్టేసుకుని మెట్లు దిగుతోంది.

తిన్నగా చేపలు పొగబెట్టే పొయ్యిల దగ్గరికి నడిచింది. అక్కడ నానా క్వాన్సిమా కూర్చుంటుంది. చేపల బజారుకు ఆవిడే పెద్ద. ఆవిడ ఒప్పుకుంటే బజారు ఒప్పుకున్నట్టే. అక్క వంగి దండం పెట్టి, తప్పు తనదేననీ, ఈ పిల్ల తను పంపితే వచ్చిందనీ అందరూ వినేలా చెప్పింది.

"నువ్వు నాకేం చెప్పొద్దు నానా. ఫోను నీ దగ్గరే పెట్టుకో, నాకు చూపించకు. అందులో ఏ నంబరుందో మేం చెబుతాం. తప్పితే ఆ పొయ్యిలో కట్టె తీసుకో."

"నువ్వు చెబుతావా?"

"నేను కాదు. అరాబా చెబుతుంది."

నానా క్వాన్సిమా ఫోను కళ్లకు దూరంగా పట్టుకుంది. అక్క ఇచ్చిన నంబర్ల కాగితం విప్పాను. ఏడు, సున్నా, నాలుగు, తొమ్మిది అని చదివాను. ఆవిడ పెదాలు కదిలాయి. ఫోను చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఫోను చూసింది.

"మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను.

"దొంగకి ముందే తెలిస్తే నన్నెందుకు అడుగుతుంది," అంది ఆవిడ, తనలో తను అనుకున్నట్టు. తర్వాత గొంతు పెంచి, పక్క పొయ్యి ఆవిడతో, "ఏయ్, నీ ఫోను తియ్. నీది చెప్పగలదేమో చూద్దాం," అంది.

అదీ సరిపోయింది. ఇక ఆడవాళ్లందరూ ఫోన్లు వీపు వెనక దాచుకుని, నాది చెప్పు చూద్దాం, అంటూ వచ్చారు. ఇది సోది చెప్పడం కాదు కదా అని ఒకావిడ వేళాకోళం చేసింది. సోదయితే నాకు మొగుడెప్పుడొస్తాడో కూడా చెప్పమంది ఇంకొకావిడ. ఒక్కో నంబరు సరిపోయినప్పుడల్లా నా ఫోన్లో ఒక్కో పచ్చ టిక్కు పడుతోంది. అక్క మాత్రం ఒక పక్కన నిలబడి పొగకు కళ్లు తుడుచుకుంటోంది. ఒక్క నంబరు కూడా ఆవిడ చదవలేదు, నన్నే చదవనిచ్చింది.

మధ్యాహ్నానికి మైకులు మళ్లీ పలికాయి. మేక దొరికిందట. నీలం బట్ట కట్టుకున్న పిల్ల పేరు అరాబా అట. మన నంబరు మనకే చెబుతుందట, వినండి అన్నాడు ఎగ్యా అమిస్సా.

అప్పుడు వెనక నుంచి ఎవరో నా నడుము దగ్గర ముడి విప్పారు. ఉలిక్కిపడి తిరిగి చూస్తే ఆంటీ పన్యిన్. చేతికి ఇంకా గంజి అంటుకుని ఉంది.

"పిల్లనిటివ్వు," అంది. "అది వీపున అలా తన్నుతుంటే నంబర్లు ఎలా చదువుతావు?"