గుప్పిట్లో చల్లారని రక్తం

మార్చి పదకొండు. ఆ పొద్దున నేను తిన్నది ఒక మాడిన రొట్టె ముక్క, మా ఆయన పళ్ళెంలో వదిలేసిన సగం గుడ్డు. సింకు దగ్గర నిలబడే తిన్నాను. ఆ గుడ్డు ఎందుకు వదిలేశారో కూడా గుర్తుంది. "రోజంతా ఉప్పునీళ్ళు కొలిచే మనిషివి, గుడ్డు మీద చిటికెడు ఉప్పు వేయడం రాదు," అన్నారు. కోపంగా కాదు. ఆయన ఏదన్నా నవ్వుతూనే అంటారు, అందుకే తిరిగి ఏమీ అనలేం. అత్తగారూ నవ్వారు. నవ్వాక, నేను చూడటం లేదనుకుని నా టీలో ఇంకో చెంచా పంచదార వేశారు. ఆవిడలో అలాంటివి ఉన్నాయి, కాదనను.

మెట్లు దిగుతుంటే కళ్ళు బైర్లు కమ్మాయి. రెండేళ్ళుగా అలవాటే. నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉంటుంది. మొదట్లో చెప్పాను. ఈ వయసులో అందరికీ మామూలే, నేనూ అలాగే ఈదుకొచ్చానన్నారు అత్తగారు. "డాక్టర్ల మధ్యే ఉంటావు కదా, ఎవరినో ఒకరిని అడగరాదూ," అన్నారు ఆయన, వార్తల మీంచి చూపు తిప్పకుండా. నిజమే, గుండె జబ్బుల విభాగంలో ఇంజనీరుని. కానీ మగవాళ్ళు నిండిన ఆ గదిలో, పెద్ద డాక్టరుగారి వెనక నిలబడి, నాకు నెలసరి ఆగడం లేదండీ అని ఎవరితో చెప్పను? నల్ల బట్టలే కొనుక్కోవడం మొదలుపెట్టాను. అది నా అభిరుచి అనుకున్నారు మా ఆయన.

నా పని చెప్పడం తేలిక. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని గుండె ఎడమ గదిలోకి పంపుతారు. దాని మీది ఉంగరాల మధ్య, మనిషికి తెలియనంత కరెంటు పారుతుంది. గదిలో రక్తం ఎంత ఎక్కువ ఉంటే అంత సులువుగా పారుతుంది. దాన్నిబట్టి గది ఎంత సాగిపోయిందో లెక్క కడతాం. అయితే అందరి రక్తమూ కరెంటును ఒకేలా మోయదు. ఎర్రకణాలు అడ్డుపడతాయి. పల్చబడిన రక్తంలో ఆ అడ్డు తక్కువ, కరెంటు పరుగెత్తుతుంది. అందుకని ఆ మనిషి రక్తమే కాస్త తీసి, గాజు గిన్నెలో పోసి, అది కరెంటును ఎంత మోస్తుందో విడిగా కొలవాలి. చల్లారితే లెక్క తప్పుతుంది. గిన్నె ఉండేది పక్క గదిలో, అందుకే రక్తం ఉన్న సిరంజిని గుప్పిట్లో బిగించి తీసుకెళ్తాను. తొందరున్న రోజు ఇదంతా మానేసి మామూలు అంకె వేసేస్తారు. ఆ అంకె, మా విభాగం పెట్టిన కొత్తలో అక్కడి కుర్ర డాక్టర్ల రక్తం కొలిచి కట్టుకున్నది.

ఆ రోజు బల్ల మీద ఉన్నది బట్టలు కుట్టే మనిషి. ఇద్దరు పిల్లల తల్లి. గుండెలో కవాటం చెడింది. గది హద్దు దాటి సాగిపోయి ఉంటే ఇక ఆపరేషన్ చేయరు. మందులు రాసి ఇంటికి పంపుతారు. ఆ పంపడం దేనికో అందరికీ తెలుసు. ఆయాసమంటే పని ఎగ్గొట్టడానికనుకున్నామని ఆవిడ భర్త వరండాలో నర్సుకు చెబుతున్నాడు. లోపల ఆవిడ నన్ను, "మేడమ్, పాదాలు కొంచెం కప్పుతారా," అని అడిగింది. కప్పాను. మంచుగడ్డల్లా ఉన్నాయి.

మామూలు అంకెతో కట్టిన లెక్క హద్దు దాటింది. పెద్ద డాక్టరుగారు చేతి తొడుగులు విప్పబోయారు. రక్తం కొలవలేదు సార్, అన్నాను.

"ఈవిడ ఉప్పు చూడందే వడ్డించదు," అన్నారాయన.

గదంతా నవ్వింది. పొద్దున విన్న నవ్వే. నేను చెయ్యి చాపి అలాగే నిలబడ్డాను. చివరికి నర్సు రక్తం తీసి నా చేతిలో పెట్టింది.

కొలిస్తే అంకె మామూలుదానికి చాలా పైన ఉంది. దానితో లెక్క కడితే గుండె గది హద్దులోపలే ఉంది. ఆయన నమ్మలేదు. అంత తేడా వస్తే నేనైనా ఒకటికి రెండుసార్లు చూసేదాన్నే. పొద్దున, అంకె ముందే తెలిసిన ఉప్పునీళ్ళతో గిన్నెను సరిచూశానని చెప్పాను.

"నీళ్ళు కాదమ్మా, ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం పోసి చూడు. ఎవరిదో ఎందుకు, నీదే తీయించుకో."

తీయించుకున్నాను. నా రక్తాన్ని నా గుప్పిట్లోనే పట్టుకుని పక్క గదికి నడుస్తున్నప్పుడే ఏం వస్తుందో నాకు తెలుసు. దాదాపు ఆవిడ అంకే వచ్చింది.

"చూశావా, గిన్నె పాడైంది," అన్నారాయన, బరువు దిగినట్టు. "నీకూ అదే చూపిస్తోంది. మామూలు అంకె వేసి పంపించెయ్."

నోరు మూసుకుంటే చాలు. పాడైంది గిన్నె. నాకేమీ కాలేదు, ఇంట్లో ఇన్నాళ్ళూ అన్నట్టే. సాయంత్రం వెళ్ళి పొయ్యి వెలిగించుకోవచ్చు. బల్ల మీద ఆవిడ పైకప్పుకేసి చూస్తోంది. మా మాటలు వింటోందో లేదో.

"గిన్నె బాగానే ఉంది సార్," అన్నాను. "నా రక్తమే అంత. రెండేళ్ళ నుంచి నెలసరి ఆగకుండా పోతోంది. నాదెంత పల్చబడిందో, ఆవిడదీ అంతే."

ఎవరూ నవ్వలేదు. కుర్ర డాక్టరొకడు నేలకేసి చూశాడు. మత్తు ఇచ్చే డాక్టరుగారు, ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి, చొక్కా చెయ్యి పైకి మడిచి, "నాది తీయండి," అన్నారు. ఆయన అంకె మామూలు అంకె పక్కనే వచ్చి నిలబడింది.

పెద్ద డాక్టరుగారు తెరకేసి చాలాసేపు చూశారు. ముందు ఆవిడకు రక్తం ఎక్కించమన్నారు, ఆపరేషన్‌కు రాయమన్నారు. తర్వాత నా వైపు తిరిగి, ఈ స్థితిలో పనికెలా వస్తున్నావన్నారు. తిట్టో జాలో తెలియలేదు.

అక్కణ్ణించి నేరుగా వెళ్ళిన ఆడవాళ్ళ వార్డులో డాక్టరమ్మ నా పొట్ట నొక్కి చూసింది. గడ్డ ఉంది, ముక్క తీసి పరీక్షకు పంపాలి, అది ఎలాంటిదో అప్పటిదాకా చెప్పలేనంది. ఇవాళే చేరమంది. ఇంటికి వెళ్ళి బట్టలు తెచ్చుకుంటానన్నాను. అని, అక్కడే ఆగిపోయాను. ఇంటికి వెళితే వంటగదిలో దీపం వేస్తాను, అంతే, తిరిగి రాను. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? వెళ్ళలేదు.

మా ఆయనకు ఫోన్ చేసి ఆసుపత్రిలో చేరానని చెప్పాను. "మరి రాత్రికి..." అని ఆగారు. అలా ఆగారు కదా అని, అదీ దయ కిందే జమ వేసుకున్నాను.

"ఉప్పు డబ్బా పొయ్యి పక్కనే ఉంది," అని పెట్టేశాను.

పక్క మంచం మీద బట్టలు కుట్టే ఆవిడకు రక్తం ఎక్కుతోంది. నాకూ సీసా తగిలించారు. "మీకూనా మేడమ్?" అంది. నాకూనే అన్నాను. ఆవిడ తన కాళ్ళ మీది రెండో దుప్పటి తీసి నా మంచం మీదికి తోసింది.

ఎవరి రక్తమో, చల్లగా చేతిలోకి దిగుతోంది. అలవాటు కొద్దీ ఆ గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకున్నాను, కొంచెం వెచ్చబడుతుందని. రాత్రి డ్యూటీ నర్సు అది చూసింది. దీపం తగ్గించి బయటికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.