ఎర్ర గుండీ

పొద్దున్నే నా గుండీల కొట్టు తెరవడానికి వచ్చేసరికి, షట్టర్ పైన అమ్మ ఎర్ర గుండీ బొమ్మ వేసి రాసిన బోర్డు లేదు. దాని చోట తెల్లటి ప్లాస్టిక్ బోర్డు, దాని మీద నీలం అక్షరాల్లో ఏదో ఫోన్ల కంపెనీ పేరు. నిచ్చెన మీద ఒకడు తీరిగ్గా స్క్రూ బిగిస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరయ్యా నువ్వు? ముందు కిందికి దిగు!"

దిగాడు. బోర్డులు బిగించే మేస్త్రీనని చెప్పి ఫోన్‌లో ఫొటో చూపించాడు. "చూడక్కా, ఎడమ పక్క చెప్పుల షాపు, కుడి పక్క మందుల షాపు, మధ్యలోది మాది. పాత బోర్డుంటే పీకెయ్యమన్నారు. ఇదేగా?"

చూశాను. అవే షాపులు, అవే పలకలు పరిచిన రోడ్డు, అవే కుండీల్లో అవే ఎండిపోయిన మొక్కలు. మున్సిపాలిటీ వాళ్లు మా షట్టర్లన్నిటికీ కొట్టించిన బూడిద రంగు అక్కడా ఉంది. అందం కోసమట, వాళ్ల మొహం! "మా వీధే" అనబోయాను. అప్పుడు గమనించాను, మధ్య షట్టర్ పైన ఎర్ర గుండీ లేదు.

"ఇది మా ఊరు కాదయ్యా!"

మేస్త్రీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. నిజమే, వాళ్లు వెళ్లాల్సింది పక్క ఊరు. "ఏం చెయ్యనక్కా, ఎక్కడ దిగినా ఒకేలా ఉంటోంది" అని తల గోక్కున్నాడు.

"నా బోర్డేదీ?"

లారీలో ఉంది, రెండు ముక్కలుగా. ఆకుపచ్చ చెక్క మీద కంచమంత ఎర్ర గుండీ, కాస్త వంకరగా. సగం ఇటు, సగం అటు. అమ్మ పోయాక ఆమె చేతిదంటూ నాకు మిగిలింది అదొక్కటే. ఆ ముక్కలు చూసి అక్కడే ఏడ్చేశాను.

అన్నం క్యారేజీ తెచ్చిన మా ఆయన కొత్త బోర్డు వైపు మెచ్చుకోలుగా చూశాడు. "బాగానే ఉంది కదే. మన పేరు అతికించేసుకుందాం."

"మీకసలు సిగ్గుందా?" అన్నాను. ఆ బోర్డు పీకించేదాకా అక్కడినుంచి కదల్లేదు. మేస్త్రీ వెళ్లిపోయాడు. గోడ బోసిగా మిగిలింది.

మర్నాడు ఫోన్‌లో మా చెల్లెలికి ఆ మేస్త్రీని తిట్టిపోస్తూ కొట్టుకి వచ్చాను. "కళ్లుండీ చూసుకోలేని దద్దమ్మ! ఊరు ఊరే మారిపోతే తెలియద్దటే?" తాళంచెవి తిరగలేదు. విసుక్కుంటూ మళ్లీ తిప్పాను.

"అక్కా, అది మాది" అంది వెనక నుంచి చెప్పుల షాపు అమ్మాయి. "మీది పక్కది."

ఛీ! ఏళ్ల తరబడి కళ్లు మూసుకుని తెరిచిన కొట్టు. ఆ మేస్త్రీ మీద, మున్సిపాలిటీ మీద ఉన్న అసహ్యమంతా తిరిగొచ్చి నా మీదే పడింది. చెల్లెలు "ఏమైందే?" అంటున్నా వినిపించుకోకుండా ఫోన్ పెట్టేశాను.

కొట్టు తెరవకుండానే వీధి చివర రంగుల షాపుకెళ్లి ఎర్ర రంగు డబ్బా అడిగాను.

"లేదమ్మా" అన్నాడు షాపతను. "ఇప్పుడంతా బూడిద రంగే పోతోంది. ఒక డబ్బా ఇమ్మంటారా?"

ఎర్రది తెప్పించేదాకా కదలనని చెప్పి, అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను.