ఎవరికీ చెప్పలేదు, నొక్కాను

మా అమ్మాయి చిన్నపిల్లల గౌన్లు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. నాలుగేళ్లు కష్టపడితే దాని దుకాణానికి ఐదింట నాలుగున్నర నక్షత్రాలు వచ్చాయి. ఆ నక్షత్రాల వెలుగులోనే మా పొయ్యి వెలుగుతోంది. అది మిషను మీద ఉన్నంతసేపూ ఫోను నా దగ్గరే ఉంటుంది. నాలాంటి అనుమానప్పక్షి ఇంట్లో ఇంకొకరు లేరు మరి. కొరియరు మనిషి తలుపు తడితే కిటికీలోంచి అతని చెప్పులు చూశాకే గడియ తీస్తాను. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని పక్కింటావిడకు, కూరలబ్బాయికి, ఆఖరికి బ్యాంకు గుమాస్తాకు కూడా బోధించి వచ్చినదాన్ని.

ఒక మంగళవారం పొద్దున ఫోను మోగింది.

"అమ్మగారూ, ఆన్‌లైన్ దుకాణాల భద్రతా విభాగం నుంచి మాట్లాడుతున్నాను. మీ ఖాతాలోకి ఎవరో చొరబడుతున్నారు."

గొంతు గట్టి చేసుకున్నాను. "నువ్వెవరో నాకేం తెలుసు నాయనా? ఓటీపీ అడిగావంటే ఫోను పెట్టేస్తాను."

"అస్సలు చెప్పకండి. నాకే కాదు, మా మేనేజరు అడిగినా చెప్పకండి. మీలాంటివాళ్లు వీధికొక్కరున్నా మాకింత పని ఉండేది కాదు."

మా ఆయన బతికున్నన్నాళ్లూ నా భయాన్ని వెక్కిరించారు. అమ్మాయి విసుక్కుంటుంది. యాభై ఏడేళ్లలో నా భయాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి ఇతనే.

"మరి ఏం చేయమంటావు?"

"మనుషుల్ని నమ్మకూడదనే మెషీను పెట్టాం. దానికి కలుపుతాను. మీరు నోరు విప్పొద్దు, అంకెలు నొక్కండి చాలు. నేను కూడా లైనులోంచి తప్పుకుంటాను."

తప్పుకున్నాడు. ఎంత మర్యాదో. రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి తియ్యగా ఆరంకెల ఓటీపీ నొక్కమంది. ఆ ఆరంకెలతో మెసేజీ కూడా వచ్చింది. కింద 'ఎవరికీ చెప్పవద్దు' అని ఉంది. రెండుసార్లు చదివాను. ఎవరికీ అంటే మనుషులకు. మెషీనుకు కూడా చెప్పకూడదంటే 'దేనికీ' అని రాసేవాళ్లు కదా. పైగా నేను చెప్పడం లేదు, నొక్కుతున్నాను. ఇంత ఆలోచించి మరీ మునిగాను.

సాయంత్రానికల్లా గౌన్ల దుకాణంలో సెల్‌ఫోన్లు వెలిశాయి, సగం ధరకు. అమ్మాయి లోపలికి వెళ్లబోతే పాస్‌వర్డు మారిపోయి ఉంది.

"అమ్మా, ఓటీపీ ఎవరికైనా చెప్పావా?"

"ఒట్టు, ఎవరికీ చెప్పలేదు."

"మరి?"

"నొక్కాను."

అది తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నుదురు మిషను బల్లకు ఆనించింది.

ఆ ఆన్‌లైన్ దుకాణాలు నడిపే కంపెనీకి ఫోను చేస్తే మనిషి దొరకడు. వెబ్‌సైటులో ఫిర్యాదు రాయబోతే, ముందు మీరు యంత్రం కాదని రుజువు చేసుకోండి అంది. బస్సులున్న బొమ్మలన్నీ ఏరమంది. అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ బస్సులు ఏరింది. ఒక వ్యాను దగ్గర పొరపాటు పడింది, మళ్లీ మొదటికొచ్చింది. దొంగకు ఆరంకెలు సరిపోయాయి. నాలుగేళ్లు నడుం వంచి కుట్టినదానికి మాత్రం గుర్తింపు కార్డు కావాలి, ఆ కార్డు పట్టుకున్న ఫొటో కావాలి, ఆ ఫొటోలో రెండు చెవులూ కనబడాలి.

పదకొండో రోజున దుకాణం తిరిగి ఇచ్చారు. మీ నమ్మకమే మా ఆస్తి అని ఒక ఉత్తరం కూడా పంపారు. నక్షత్రాలు ఒకటిన్నర మిగిలాయి. డబ్బు కట్టినా సెల్‌ఫోన్లు రానివాళ్లకు కంపెనీ డబ్బు వెనక్కిచ్చింది గానీ, వాళ్లు రాసిన తిట్లు వెనక్కి తీసుకోలేదు. దుకాణం తెరవగానే పైన కనబడే మాట 'దొంగది'.

"మూసేద్దాం అమ్మా. బట్టల ఫ్యాక్టరీలో చేరతాను."

ఫ్యాక్టరీ బస్సు బోల్తా పడడం నాకు కళ్లకు కట్టింది. "ఒక్క పూట ఆగు. నీ పాత గిరాకీలకు నేను రాస్తాను."

"నువ్వా? మళ్లీ ఏం నొక్కుతావో."

"నేను చెబుతాను, నువ్వే నొక్కు."

చెప్పాను. 'దొంగకు ఓటీపీ నొక్కి ఇచ్చింది నేను, దీని తల్లిని. మా పిల్లకు ఏ పాపమూ తెలియదు. దయచేసి నమ్మండి.' పంపగానే ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఈ సందేశం మోసపూరితంగా ఉన్నందున పంపలేము.

ఇన్ని రోజుల తర్వాత అమ్మాయి నవ్వింది. "మన దుకాణంలోంచి ఆ దొంగ రాసినవన్నీ వెళ్లాయి. నీదొక్కటే పట్టుకున్నారు."

"ఏ మాటకు అడ్డుపడిందో చూడవే."

ఒక్కొక్క మాటే తీసేసి చూశాం. 'నమ్మండి' తీసేశాక వెళ్లింది.

మర్నాటి మధ్యాహ్నానికి ఒకావిడ జవాబిచ్చింది. 'మా అత్తగారూ ఇలాగే నొక్కారు. పాపకు రెండేళ్లు నిండాయి. కొత్త కొలతలు పంపుతున్నాను.' తక్కినవాళ్లెవరూ పలకలేదు.

అమ్మాయి అప్పటికే గుడ్డ పరిచి కత్తెర తీసింది.

"తొందరపడకు," అన్నాను. "అసలు ఆ పాప ఉందో లేదో ఎవరికి తెలుసు?"

"కొలతలు చూడమ్మా. ఛాతీ ఇరవై, నడుం ఇరవై ఒకటి. లేని పాపకు ఇంత బొజ్జ ఎవరు రాస్తారు?"