ఒక నెల తగ్గించి

మా రోజారాణి కడుపులో బిడ్డ కదలిక తగ్గిన బుధవారం పొద్దునే ఫోన్లో ఆ గొంతు వచ్చి, "మీకు ముప్పై ఏడు వారాలు నిండాయి, కాన్పుకు ఇంకా మూడు వారాలు ఉంది" అని చెప్పింది. ప్రతి బుధవారం వస్తుంది ఆ గొంతు. అది మనిషి కాదు, మిషన్ అని ఆశ వర్కర్ నవీన మొదట్లోనే చెప్పింది. అయినా నేను "తిన్నవా బిడ్డా?" అని అడుగుతూనే ఉంటాను. వారం వారం పలకరించే దాన్ని మిషన్ అని ఎట్లా తీసిపారేస్తాం?

ఆ రోజు మాత్రం అడగలేదు. నా లెక్కలో నెలలు నిండి అప్పటికే వారం దాటింది.

రోజారాణి నా కూతురి బిడ్డ. తల్లి పోతే నేనే పెంచాను. నిర్మల్ దిక్కు ఇచ్చాం. పెనిమిటి సాయిచంద్ మస్కట్‌లో ఉంటాడు. వాంతులతో లేవలేకపోతుంటే మూడో నెలలోనే కరీంనగర్ దిక్కు, మరమగ్గాలు మోగే మా సాంచాల వాడకు తెచ్చుకున్నాను.

"అమ్మమ్మా, గింత పరేషాన్ ఎందుకే? ఇంక మూడు వారాలున్నదంటున్నది గదా" అంది మంచం మీద పక్కకు ఒత్తిగిలి.

"నీ కడుపు ఫోన్ చూసిందానే? నేను చూస్తున్న."

"నవీనక్కకు తారీఖు చెప్పింది నువ్వే గదా! నాకేం యాదుంటది? అప్పుడు నా తల బకెట్లనే ఉండె."

చెప్పింది నేనే. నిజం మాత్రం చెప్పలేదు.

మా ఇళ్లలో కడుపుతో ఉన్నదాని నెలలు ఉన్నవి ఉన్నట్టు చెప్పం. ఒక నెల తగ్గించి చెబుతాం. మా అత్త నేర్పింది నాకు. నలుగురిని నేను అట్లాగే కన్నాను. ఊరి కళ్లు వచ్చే నెల కోసం కాచుకుని ఉంటే బిడ్డ ఈ నెలలోనే బయటపడుతుంది, దిష్టి దారి తప్పుతుంది. మూడో నెలలో ఆ గొంతుకు లెక్క ఎక్కించడానికి నవీన పలకంత ఫోన్ పట్టుకుని "ఆఖరిసారి ముట్టు ఎప్పుడు పెద్దమ్మా?" అని అడిగినప్పుడు, పక్కింటి శంకరవ్వ గోడ పక్కనే కూర్చుని నూలు కండెలు చుడుతోంది. ఆమె చేయి ఆగింది, చెవి ఇటు తిరిగింది. వినాయక నిమజ్జనం అన్న మాట నా నోటిదాకా వచ్చింది. మింగేసి, "దసరా అయినంక నాలుగొద్దులకు" అన్నాను. అంత పెద్ద మిషన్ గదా, అసలు సంగతి అదే కనిపెడుతుందిలే అనుకున్నాను. ఏడో నెల స్కానింగ్‌లో బిడ్డ తారీఖుకు మించి పెద్దగా ఉందన్నారు. "మా ఇంట్ల పోరగాండ్లు గంతే" అని నవ్వాను కూడా.

ఇప్పుడు ఏది నిజం? నిమజ్జనం నాడు ఈ పిల్ల మా ఇంటికే వచ్చి, హారతి పట్టకుండా దూరంగా కూర్చుంది. లేత ఆకుపచ్చ చీర. నాకు బాగా గుర్తు. కానీ అది పోయిన నిమజ్జనమా, అంతకు ముందుదా? యాభై ఏళ్ల కిందట చచ్చిన బర్రె కొమ్ము ఏ వంకకు తిరిగి ఉండేదో చెప్పగలను. అటువంటి నాకు ఈ ఒక్కటి తేలడం లేదు. ఇన్ని నెలలు ఆ గొంతు చెప్పిన లెక్క విని విని, నా అబద్ధం నాకే నిజంలా వినబడుతోంది.

ఫోన్ చేస్తే నవీన స్కూటీ మీద వచ్చింది. బీపీ చూసింది, తెర మీద వేలితో జరిపింది.

"కదులుడు తగ్గితే దవాఖానకు పోవుడే పెద్దమ్మా. ఇంక మూడు వారాలున్నది గాబట్టి ముందుగాల మన దగ్గరి దాంట్ల చూపిద్దాం. గీడ ఆపరేషన్ చెయ్యరు, అవసరమైతే డాక్టరమ్మ పెద్ద దవాఖానకు రాస్తది."

గోడ అవతల కండెల చప్పుడు ఆగింది. ఆగితే ఆగనీ అనుకున్నాను.

"మూడు వారాలు లేదు నవీనా. నెల తగ్గించి చెప్పిన. నిమజ్జనం నాటి లెక్క అది."

నవీన నన్నూ తెరనూ మార్చి మార్చి చూసింది. "అప్పుడు అబద్ధమాడిన అంటున్నవ్. మరి గిప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె?"

అప్పుడు గుర్తొచ్చింది.

"ఏమే, నీ మొగడు ఎన్నడు విమానమెక్కిండు?"

"దసరా తెల్లారి" అంది రోజారాణి. అని, నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది.

గోడ మీద శంకరవ్వ తల లేచింది. "ఓయమ్మో! గా ఫోన్ లెక్కల మొగడు మస్కట్‌కు పోయినంక పిల్లకు కడుపయిందా?"

"అమ్మమ్మా, దిష్టి అనుకుంట నా ఇజ్జతే తీస్తివి గదనే!"

నవీన నవ్వు ఆపుకుంటూ తారీఖు మార్చింది. మరుక్షణం తెర మీద రోజారాణి పేరు ఎర్రగా మారింది. నవీన ముఖంలో నవ్వు పోయింది.

"నలభై ఒక్క వారం దాటింది. పెద్ద దవాఖానకే. బట్టలు సదురు."

ఆమె ఎవరితోనో మాట్లాడుతుండగానే బండి బయలుదేరిందని కబురు వచ్చింది. మేము చేరేసరికి అక్కడి వాళ్లకు రోజారాణి పేరు, ఊరు, వారాలు అన్నీ తెలుసు. ఉమ్మనీరు బాగా తగ్గిందని, సాయంత్రం దాకా ఆగితే కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. కాసేపు ఆగి ఏడ్చింది. ఆ కాసేపు నేను ఏ దేవుడిని తలచుకున్నానో నాకే తెలియదు.

మర్నాడు నవీన "బరువెంత?" అని అడిగింది. చుట్టూ మంచాల నిండా మనుషులు. బిడ్డ బరువు పైకి చెప్పే అలవాటు మాకు లేదు. నవీన చెవిలో చెప్పాను, ఒక్క గ్రాము తగ్గించకుండా.

తరువాతి బుధవారం ఫోన్ మోగింది. "మీ పాపకు ఏడు రోజులు నిండాయి" అంది ఆ గొంతు. ఒక్కరోజు అటూ ఇటూ లేదు. నాకు భయమేసిందో, ధైర్యం వచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"నిండినయ్ బిడ్డా" అన్నాను. శంకరవ్వ గోడ వైపు చూసి, గొంతు తగ్గించి, "తిన్నవా?" అన్నాను.